బావ కొన్న రెండు తలుపుల ఫ్రిజ్జు

మా అక్క మొగుడు డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. నేర్చుకునేవాళ్లు స్టీరింగు పట్టుకుంటే, పక్క సీట్లో కూర్చున్న ఈయన కాళ్ల కింద ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్చు ఉంటాయి. ఎదుటివాడు ఎంత చక్కగా నడుపుతున్నా సరే, దారిలో ఒక్కసారైనా బ్రేకు తొక్కకపోతే ఆయనకు తిన్నది అరగదు. ఇంట్లోనూ అదే వరస. అక్క పొయ్యి దగ్గర నిలబడితే పక్కన చేరి గరిటె ఎటు తిప్పాలో చెబుతాడు. వాళ్లమ్మ టీవీ చూస్తుంటే రిమోటు ఈయన జేబులో ఉంటుంది. అందుకే చాటుగా అందరం ఆయన్ని ‘రెండో బ్రేకు’ అంటాం. ఆ పేరు పెట్టింది పరాయివాళ్లు కాదు, కన్నతల్లే.

అక్క యూనిఫారాలు కుట్టే దుకాణంలో కటింగ్ చేస్తుంది. గుడ్డ మీద సుద్దగీత గీసి కత్తెర పెట్టిందంటే మళ్లీ వెనక్కి చూసుకోదు. అలాంటి మనిషి ఇంటి గడప తొక్కేసరికి నోట్లో నాలుక లేనిదైపోతుంది. ఎందుకే అని అడిగితే, ఆయనతో వాదించే ఓపిక ఉంటే ఇంకో నాలుగు చొక్కాలు కత్తిరించుకోవచ్చు అంటుంది. నేను అదే వీధిలో చివరింట్లో ఉంటాను కాబట్టి వాళ్లింటి భాగవతమంతా నా కళ్ల ముందే నడుస్తుంది.

బావకు పక్కపక్కనే రెండు తలుపులుండే ఫ్రిజ్జు కావాలన్న జబ్బు వాళ్ల సంఘం అధ్యక్షుడి ఇంట్లో అంటుకుంది. డ్రైవింగ్ స్కూళ్ల వాళ్లందరికీ ఒక సంఘం ఉంది. దానికి బావ కార్యదర్శి. ఆ అధ్యక్షుడి ఇంట్లో బీరువా అంత ఫ్రిజ్జు ఉందట, తలుపు తీయకుండానే బయటి నుంచి గ్లాసు పెడితే ఐసు ముక్కలు రాలుతాయట. ఆ రాత్రి నుంచి మా బావకు ఇంట్లో ఉన్న పాత ఫ్రిజ్జు చూస్తేనే చిన్నతనంగా అనిపించడం మొదలైంది. ముగ్గురు మనుషులున్న ఇంటికి అంతది ఎందుకని అక్క అడిగింది. అది మనుషుల్ని బట్టి కాదు, హోదాని బట్టి కొనుక్కునే వస్తువని ఆయన సెలవిచ్చాడు. వంటింటి గుమ్మం కొలిచారా అని కూడా అడిగింది.

“ఎంత పెద్ద లారీనైనా ఇరుకు సందులో వెనక్కి తిప్పినవాణ్ని. నాకు నువ్వు కొలతలు చెబుతావా?” అన్నాడు.

ఫ్రిజ్జు వచ్చింది. గుమ్మంలో పట్టలేదు. అడ్డంగా తిప్పారు, నిలువుగా తిప్పారు, తలుపు రెక్క ఊడదీశారు. బావ వెనక నిలబడి ‘కొద్దిగా ఎడమకి, ఇంకొద్దిగా’ అంటూ చేతులూపుతూనే ఉన్నాడు. చివరికి మోసుకొచ్చిన కూలీలు దాన్ని హాల్లో దించేసి చెమట తుడుచుకుంటూ వెళ్లిపోయారు. సోఫా వరండాలోకి పోయింది. టీవీకి ఎదురుగా ఉండే అత్తగారి కుర్చీ మూలకి పోయింది. ఎడమ తలుపు సగం తెరుచుకునేసరికి గోడకి తగిలేది, దాంతో లోపలి సొరుగులు బయటికి రావు. పాత ఫ్రిజ్జును బావ ఆ రోజే ఎవరికో ఇచ్చేశాడు. వంటింట్లోంచి హాల్లోకి గోడ వెంబడి నీళ్ల గొట్టం లాగించి, అక్కను పిలిచి గ్లాసు కింద పెట్టమన్నాడు. నాలుగు ఐసు ముక్కలు గ్లాసులో, ఆరు నేల మీద పడ్డాయి. ఆయన మొహం చూడాలి, కారు కనిపెట్టిన వాడిలా వెలిగిపోయింది.

ఖాళీగా ఉంటే బాగుండదని దాన్ని నింపడం మొదలుపెట్టాడు. పై అరలో రంగురంగుల పానీయాల సీసాలు, వాటి వెనక జాం డబ్బాలు, పళ్లు, ఇంట్లో ఎవరూ ముట్టని చీజు. ఎవరైనా వస్తే మంచినీళ్లు అడిగినా అడక్కపోయినా రెండు తలుపులూ తెరుచుకున్నంత మేరా తీసి లోపలి దీపాలు చూపించేవాడు. చూసినవాళ్లు ‘అబ్బో’ అనేదాకా మూసేవాడు కాదు. ఏది ఏ అరలో ఉండాలో ఆయనే చెప్పాలి. టమాటాలు తీసుకోవాలన్నా అక్క ఆయన్ని అడగాలి.

ఎండలు ముదిరేసరికి ఒకరోజు పాలు విరిగాయి. మర్నాడు టమాటాలు మెత్తబడ్డాయి. కుడివైపు, అంటే పాలూ కూరలూ పెట్టేవైపు, చెయ్యి పెడితే బయటి గాలికీ లోపలి గాలికీ తేడా లేదు. ఎడమవైపు ఐసు పెట్టె మాత్రం రాయిలా గడ్డకట్టి ఉంది. తప్పు అక్కదేనని బావ వెంటనే తేల్చేశాడు. ఆడవాళ్లు తలుపు తీసి ఆలోచిస్తారట, ఆలోచించాక తీయరట. ఇంక మీదట ఏం కావాలో ముందే చెబితే తానే తీసి ఇస్తానన్నాడు. ఆ తర్వాత ఫోనులో వీడియోలు చూడడం పట్టుకున్నాడు. తలుపు రబ్బరు సందులో కాగితం పెట్టి లాగాడు. ముందు కాళ్ల కింద అట్టముక్కలు దోపాడు. అంకెలు నొక్కి నొక్కి ఇంకా చల్లగా ఉండమని ఆజ్ఞలిచ్చాడు. ఐసు వైపు ఇంకా బిగుసుకుంది, పాల వైపు ఇంకా వెచ్చబడింది. ఈ మధ్యలో ఆయన నోటి వెంట సెన్సారు, డాంపరు అనే మాటలు తరచుగా వినబడేవి. వాటికి అర్థం అడిగితే మాత్రం టాపిక్ మార్చేవాడు.

అప్పుడే ఆయన చేసిన గొప్ప పని ఇంకోటుంది. అది మాకు తర్వాత తెలిసింది. వాళ్లమ్మకు షుగరు. రోజూ వేసే ఇన్సులిన్ సీసా ఫ్రిజ్జులో, గుడ్లు పెట్టే అరలో ఉండేది. ఈ వైపు వెచ్చబడింది కదా, మందు పాడైపోతుందని ఎవరికీ చెప్పకుండా దాన్ని తీసి ఐసు వైపు పెట్టాడు. పొద్దున్నే తీసి, గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో కరిగించి, అక్క చేతికి ఇచ్చేవాడు. ఫ్రిజ్జు అధికారం ఆయనది కాబట్టి, ఆయన ఇచ్చింది అక్క సూదితో ఎక్కించి దుకాణానికి పరిగెత్తేది.

నాలుగైదు రోజులు పోయాక ముసలావిడకు దాహం ఎక్కువైంది. చెంబుడు తాగి ఇంకో చెంబు అడిగేది. మాటిమాటికీ బాత్‌రూమ్‌కి వెళ్లేది. మనిషి వాడిపోయింది. అక్క భయపడి ఆసుపత్రికి తీసుకెళ్దామంది. ఎండలకి అందరికీ దాహమేనని, పైగా ఐసు నీళ్ల రుచి మరిగిందని బావ కొట్టిపారేశాడు.

ఈలోగా కంపెనీ మెకానిక్ వచ్చాడు. ఆయనగారూ తక్కువవాడేం కాదు. పొద్దున వస్తానని చెప్పి పొద్దుగూకే వేళకి దిగాడు. ఒక చెవిన ఫోను, ఆ ఫోనులో ఎవరితోనో స్థలం బేరం. వచ్చీ రాగానే ఇంకో మూడేళ్ల సర్వీసు కాంట్రాక్టు రాయించుకోమని వెంటబడ్డాడు. అయితే రోగం మాత్రం చెప్పాడు. చల్లదనమంతా ఐసు వైపే పుడుతుంది, అక్కణ్నించి ఫ్యాను దాన్ని ఇటు తోస్తుంది. ఐసును అప్పుడప్పుడూ కరిగించాల్సిన హీటరు పోయింది, వెనక ఐసు పేరుకుపోయి దారి మూసుకుపోయింది. ఇటు వచ్చే కాస్త గాలికీ సీసాలు అడ్డం. స్విచ్చి ఆపి, రెండు తలుపులూ తీసి, ఒక రోజంతా వదిలేస్తే ఐసంతా కరుగుతుంది, ఆ తర్వాత హీటరు మారుస్తానన్నాడు.

ఆపడమా? ఆదివారం సంఘం వాళ్లందర్నీ బావ ఇంటికి పిలిచాడు. అధ్యక్షుడూ వస్తున్నాడు. తలుపులు తీసి, కింద గుడ్డలు పరిచి, నీళ్లు కారుతున్న ఫ్రిజ్జును వాళ్లకి చూపిస్తాడా? సోమవారం తర్వాత రమ్మని మెకానిక్‌ని పంపించేశాడు. వాడికి పని రాదని మాకు చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం నేను సాయానికి వెళ్లేసరికి హాల్లో విచిత్రంగా ఉంది. బావ బనియనుతో మోకాళ్ల మీద కూర్చుని, ఫ్రిజ్జును గోడ నుంచి పక్కకి లాగి, ఐసు వైపు లోపలి వెనక పలక ఊడదీసి, స్క్రూడ్రైవరుతో ఐసును పొడుస్తున్నాడు. జుట్టు ఆరబెట్టే మిషను పక్కనే మాడిన వాసన కొడుతూ పడి ఉంది. దానికి ఓపిక సరిపోలేదట. అక్క వద్దంటూనే ఉంది. ఆయన ఇంకో పోటు పొడిచాడు. లోపల ‘సుయ్’మని పాము బుసకొట్టినట్టు ఒక చప్పుడు, సన్నగా మొదలై అలాగే సాగింది. ముగ్గురం కదలకుండా విన్నాం. అది ఆగిపోయాక బావ స్క్రూడ్రైవరు వంక ఎగాదిగా చూసి, లోపల ఇరుక్కున్న గాలి పోయిందని, ఇక బాగా పనిచేస్తుందని చెప్పాడు.

నిజానికి పోయింది ఐసు వెనక గొట్టాల్లో ఉండి చల్లబరిచే గ్యాసు. సాయంత్రం అతిథులు వచ్చేసరికి రెండు వైపులూ ఒకేలా వెచ్చబడ్డాయి. బావ తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏమీ ఎరగనట్టు తలుపులు తీసి దీపాలు చూపించాడు. అధ్యక్షుడు ముచ్చటపడి గ్లాసు పెట్టాడు. లోపల ఏదో గరగరమంది, గ్లాసులోకి కాసిని గోరువెచ్చటి నీళ్లు కారాయి. ఆయన పెద్దమనిషి, తాగాడు. మిగతావాళ్లు వెచ్చటి పానీయాల సీసాలు పట్టుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బావ కంపెనీల మోసం గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

ఆ ఉపన్యాసం మధ్యలో మూల కుర్చీలో అత్తగారు పక్కకి ఒరిగిపోయింది. పిలిస్తే పలుకు లేదు, కళ్లు మూతలు పడుతున్నాయి. అక్క ఇంక ఎవరినీ అడగలేదు. అధ్యక్షుడి కారు తాళాలు అడిగి తీసుకుంది, నేనూ తనూ ఆవిణ్ని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాం. బావ డ్రైవింగు సీట్లో కూర్చున్నాడు. ఊళ్లోవాళ్లందరికీ బండి నేర్పే ఆయన చేతుల్లో కారు రెండుసార్లు ఆగిపోయింది.

ఆసుపత్రిలో షుగరు చూసిన డాక్టరమ్మ మందు మానేశారా అని అడిగింది. రోజూ వేస్తున్నానని అక్క చెప్పింది. ఎక్కడ పెడుతున్నారని అడిగింది. దానికి బావ ముందుకొచ్చాడు.

“ఫ్రీజర్‌లోనే పెడుతున్నా మేడం. అస్సలు వేడి తగలనివ్వలేదు.”

“గడ్డకట్టిందా?”

“కట్టింది. నేనే రోజూ కరిగించి ఇస్తున్నా.”

డాక్టరమ్మ రాస్తున్న కలం పక్కన పెట్టింది. ఒకసారి గడ్డకడితే ఆ మందు ఇక నమ్మడానికి లేదని, పెట్టె మీద కూడా ఆ మాటే రాసి ఉంటుందని నెమ్మదిగా చెప్పింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ప్రాణం మీదికి వచ్చేదని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. బావ నా వైపు తిరిగి, అది మామూలు ఫ్రిజ్జుల సంగతి అయ్యుంటుందేమో అని గొణిగాడు. ఆ మాట అక్క వింది. గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషి నిటారుగా అయింది.

“ఇన్నాళ్లూ నా చేత్తో ఏం ఎక్కించానో తెలుసా మీకు? నీళ్లు. మీరిచ్చారు, నేను ఎక్కించాను. ఇంక ఈ ఇంట్లో మీరు ఎవరికీ ఏమీ తీసి ఇవ్వక్కర్లేదు.”

అరవలేదు. అరిచి ఉంటే ఆయనకి జవాబు దొరికేది. ఆ వసారాలో నిలబడి ఆయన తన చొక్కా గుండీలు సర్దుకున్నాడు, అంతే.

ముసలావిడ గట్టి మనిషి, కోలుకుంది. నోరు కూడా కోలుకుంది. జరిగింది చెబితే, “నా కొడుకు బ్రేకే తొక్కుతాడనుకున్నా, నన్నే తొక్కేశాడే” అని నవ్వింది. బావ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆపిల్ తొక్క తీస్తున్నాడు. ఆ నవ్వుకి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ క్షణంలో నాకూ జాలేసింది, అబద్ధం ఎందుకు. కాకపోతే ఆ తొక్క తీసే కత్తి ఎలా పట్టుకోవాలో అటుగా వచ్చిన నర్సుకి చెప్పేసరికి ఆ జాలి కాస్తా ఎగిరిపోయింది.

ఇంటికొచ్చిన వారానికే అక్క తన జీతంతో ఒంటితలుపు ఫ్రిజ్జు ఒకటి కొంది. ఈసారి గుమ్మం కొలుచుకునే వెళ్లింది. అది అత్తగారి గదిలో ఉంటుంది, తాళం ఆవిడ కొంగున ఉంటుంది. బావకి చల్లటి నీళ్లు కావాలంటే తల్లిని అడగాలి. ఆవిడ వెంటనే ఇవ్వదు, టీవీ రిమోటు ఎక్కడుందని అడుగుతుంది.

పెద్దదాన్ని అమ్ముదామంటే బావ ఒప్పుకోలేదు. గొట్టం మార్చి గ్యాసు ఎక్కిస్తే కొత్తదానిలా ఉంటుందంటాడు, ఎక్కించడు. ప్రస్తుతం దాని కుడివైపు ఆయన ఇస్త్రీ చొక్కాలూ, ఎడమవైపు స్కూలు తాలూకు పాత కాగితాలూ ఉన్నాయి. చొక్కాలకి దుమ్ము పట్టదని మెచ్చుకుంటాడు. కొత్తగా కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి మొదటి రోజే ఫ్రిజ్జు కంపెనీలు మనుషుల్ని ఎలా ముంచుతాయో వివరంగా చెబుతాడని విన్నాను. స్టీరింగు వాళ్ల చేతుల్లో ఉంటుంది కాబట్టి దిగి పారిపోలేరు, పాపం వింటూ నడుపుతారు.