తొమ్మిదో నంబరు కడ్డీ

మాదాపూర్‌లో మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి రోజూ పొద్దున్నే నా ఒంటి మీదుగా ఒక నల్లటి కర్ర తిప్పుతుంది. హ్యాండ్‌బ్యాగులో తాళంచెవుల దగ్గరికి రాగానే అది కుయ్‌మంటుంది. ఆమె నవ్వి పొమ్మంటుంది. ఇన్నేళ్లుగా వింటున్నా ఆ కూత నాకు అలవాటు కాలేదు. విన్న ప్రతిసారీ ముక్కుకు చెరువు బురద వాసన తగులుతుంది, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండుతుందో చెప్పాలంటే నా పదో ఏటి చలికాలం సెలవుల సంగతి చెప్పాలి.

మణికొండ అవతల ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డ చోట మా ఊరు ఉండేది, ఊరి పక్కన చెరువు ఉండేది. మా తాత ఆ చెరువుకు నీరటి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే పని ఆయనది. కట్ట మీద ఎప్పుడూ ఉత్త కాళ్లతోనే తిరిగేవాడు. చెప్పులేసుకుంటే కట్ట ఎక్కడ నానిందో కాలికి తెలియదనేవాడు. నేనింకా బడిలో చేరని రోజుల్లో సర్వే వాళ్లు వస్తే, నిండు చెరువు నీళ్లు ఎంత దాకా వస్తాయో తాతే నడిచి చూపించాడట. ఆయన ఆగిన చోటల్లా నంబరు కొట్టిన ఇనుప కడ్డీ ఒకటి, పశువుల కాళ్లకు తగలకుండా నేలకు సమంగా దిగ్గొట్టారట. నాలుగు వానాకాలాలు గడిచేసరికి వాటిని ఒండ్రు కప్పేసింది. అవి ఎక్కడున్నాయో తాత కాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆ ఏడు చెరువు ముందే వెనక్కి తగ్గింది. పొద్దున లేచేసరికి నీళ్ల మీద పొగమంచు, ఒడ్డున తుంగ మీద మంచుబొట్లు, కొంగలు ఒంటికాలి మీద నిలబడి కునికే తీరు, చేపలవాళ్ల వలల నుంచి వచ్చే పచ్చి వాసన, ఇంట్లో నానమ్మ గుడ్డ పరిచి చేతివేళ్లతో చుట్లు చుట్లుగా పోస్తున్న సకినాలు, కాగుతున్న నూనెలో నువ్వులూ వామూ కలిసిన ఘుమఘుమ, ఇవన్నీ ఒకదాని మీదొకటి వచ్చిపడేవి. నేనూ మా పెద్దనాన్న కూతురు స్వరూపక్కా సగం కాలిన సకినాలు ఒడిలో పోసుకుని, దారిలో రేగుపండ్లు ఏరుకుంటూ, ఎండిన చెరువు అంచుకు పరుగెత్తేవాళ్లం.

ఒకరోజు అక్కడికి యాదగిరి మామ స్కూటర్ మీద వచ్చాడు. మా ఊరివాడే, మాకు వరుసకు మామ. కొత్తగా ప్లాట్ల వ్యాపారంలో దిగాడు. కోఠీలో కొన్నానంటూ స్కూటర్ మీంచి ఒక యంత్రం దించాడు. పొడుగాటి కర్ర, కింద పళ్లెమంత చక్రం, పైన బ్యాటరీల డబ్బా. నేల మీద ఆడిస్తే కింద ఏ లోహమున్నా కూత పెడుతుంది.

"గోల్కొండ సిపాయిలు పారిపోయేటప్పుడు బంగారు మొహరీలు ఈ చెర్లనే పాతిపెట్టిండ్రట," అన్నాడు గొంతు తగ్గించి. "ఇది కుయ్‌మన్న కాడ తవ్వుండ్రి. బంగారం దొరికితే మీదే. తుప్పు పట్టిన ఇనుము దొరికితే నాకియ్యుండ్రి, మీకెందుకది? తాతకు మాత్రం చెప్పకుండ్రి. పెద్దోళ్లకు చెప్తే గుప్తనిధి మాయమైతది."

నమ్మాం. నమ్మక ఏం చేస్తాం? ఇంట్లో బియ్యం ఏరడానికి, పేడ ఎత్తడానికి తప్ప దేనికీ పిలవని ఆడపిల్లల చేతికి ఒక మనిషి యంత్రం ఇచ్చాడు. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో పెద్దవాళ్లు గడ్డపార దించితే ఊరంతా నిలదీసేది. ఇద్దరు పిల్లలు మట్టిలో ఆడుకుంటుంటే ఎవరు పట్టించుకుంటారు? ఆ లెక్క వాడికి తెలుసు, మాకు తెలియదు. ఇప్పుడు తలచుకుంటే వాడి మీద కోపమొస్తుంది కానీ, ఆ పన్నెండు రోజుల సంబరం నా బతుకులో మళ్లీ రాలేదు. అది ఇంకా కోపం తెప్పిస్తుంది.

పొద్దున అక్క యంత్రం ఆడిస్తే నేను తవ్వేదాన్ని, మధ్యాహ్నం నేను ఆడిస్తే అక్క తవ్వేది. సీసా మూతలు, ఎద్దు కాలి నాడా, విరిగిన కొడవలి, నిమజ్జనం చేసిన వినాయకుళ్ల లోపలి తీగలు దొరికాయి. ఒకసారి నిజంగానే చిల్లు పైస దొరికింది. అది చూసి ఇద్దరం బురదలో గంతులేశాం. బంగారం ఇంకో జానెడు కిందే ఉందనుకున్నాం. మధ్య మధ్యలో, ఒకే వరసలో, పొడుగాటి కడ్డీలు తగిలేవి. వాటిని ఊపి ఊపి పీకడానికి ఒక్కోదానికి ఒక పూట పట్టేది. అరచేతులు బొబ్బలెక్కేవి. సాయంత్రం మామ వచ్చి కడ్డీలు గోనెసంచిలో చుట్టుకుపోయేవాడు. చలికి వణుకుతున్నామని మా ఇద్దరికీ ఎర్ర స్వెట్టర్లు తెచ్చిచ్చాడు. కొత్త ఉన్ని వాసన ఎంత బాగుండేదని!

సెలవులు అయిపోయే ముందురోజు సర్వే వాళ్లు మళ్లీ వచ్చారు. చెరువు అంచున ప్లాట్లు వేస్తున్నారని ఎవరో ఫిర్యాదు చేశారట. హద్దు కడ్డీలు చూపించమని తాతను పిలిచారు. తాత ఉతికిన పంచె కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని, ఊరందరి ముందు నడిచాడు. ఒకచోట ఆగి మడమతో నేల తట్టాడు.

"ఈడ తవ్వుండ్రి. ఈడనే ఉండాలె. నేనే నిలబడి పాతిపిచ్చిన."

తవ్వారు. ఏమీ లేదు. ఇంకోచోట ఆగాడు. అక్కడా లేదు. అప్పటికి నాకు అర్థమైంది. స్వరూపక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆరోచోట తవ్వాక యాదగిరి మామ నవ్వాడు.

"ముసలోనికి మతిమరుపొచ్చింది సార్. చెరువు గింత దాకా ఎన్నడొచ్చింది?"

జనం కూడా నవ్వారు. తాత తవ్విన గుంతలకేసి ఒకసారి, తన కాళ్లకేసి ఒకసారి చూసుకున్నాడు. నేను ఆ ఎర్ర స్వెట్టర్ వేసుకుని, ఆయనకు పది అడుగుల దూరంలో నిలబడ్డాను. ఇంటికి వెళ్లాక తాత మంచం మీద కూర్చుని నన్ను దగ్గరికి పిలిచాడు.

"నా కాళ్లు తప్పినయా బిడ్డా?"

ఏమీ చెప్పలేదు. నిజం చెప్తే కొడతారని కాదు. తాత నన్ను ఇంకెప్పుడూ అలా దగ్గరికి పిలవడేమోనని. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి బండ పక్కన పీకి, మామకు ఇంకా ఇవ్వని కడ్డీ ఒకటి, తొమ్మిదో నంబరుది, మా ఇంటి వెనకే ఉండిపోయింది. దాన్ని కట్టెల కుప్ప కింద దాచేశాను. మర్నాటి నుంచి తాత కట్ట మీదికి చెప్పులేసుకుని పోయేవాడు. రెండేళ్లకు ప్లాట్ల కోసం చెరువును సగం పూడ్చేశారు. ఆ ఏడే ఆయన పోయాడు.

ఇప్పుడు అక్కడ కొంగల్లేవు, వలల్లేవు, తుంగ లేదు. మత్తడి బండ ఒక్కటి మిగిలింది. దాని పక్కన పచ్చగా నురగలు కక్కే మడుగు, మడుగు చుట్టూ వాకింగ్ ట్రాక్. చెరువును పూడ్చి కట్టిన గేటెడ్ కాలనీకి యాదగిరి మామే అధ్యక్షుడు. ప్రతి వానాకాలం సెల్లార్లలోకి నీళ్లొస్తే, ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అర్థం కావడం లేదని మీటింగు పెడతాడు. అర్థం కాదట! సిగ్గుండాలి. నాకు కూడా ఉండాలి. ముప్పై ఏళ్లు ఊరుకున్నదాన్ని.

పోయిన శనివారం ఆ మడుగుకు గోడ కట్టే ముందు హద్దులు కొలుస్తున్నారని తెలిసింది. ఇన్నేళ్లుగా నా దగ్గరే దాచుకున్న ఆ కడ్డీని బ్యాగులో పెట్టుకుని వెళ్లాను. కాలనీ గేటు దగ్గర గార్డు కర్ర తిప్పాడు. అది ఆగకుండా మోగింది.

"ఏముంది మేడం బ్యాగుల?"

"ఇనుప కడ్డీ."

"గిసోంటివి లోపలికి తీస్కపోనియ్యరు మేడం."

"నీ గేటు కంటే ముందు ఇది లోపలనే ఉండె," అన్నాను. నా మొహం చూశాడో ఏమో, పక్కకు జరిగాడు.

మడుగు దగ్గర సర్వే ఆయనా యాదగిరి మామా టీ తాగుతూ నిలబడ్డారు. పీకేసిన కడ్డీ ఒట్టి ఇనుమే, దానంతటది ఏ హద్దూ చూపించదు. ఆ సంగతి నాకు తెలుసు. దాన్ని మామ కాళ్ల దగ్గర పడేశాను. వాడి మొహం వంక చూడలేదు.

"సార్, మా తాత కాళ్లు తప్పలే," అన్నాను సర్వే ఆయనతో. "ఈయన పీకమంటే కడ్డీలు పీకింది నేను."

"ఇది ఎక్కడ పీకారు?" అని అడిగాడాయన.

చెప్పులు విప్పేసి మత్తడి బండ వైపు నడిచాను.