చప్పుడు లేని పగ

నన్ను చూసి నవ్వినవాళ్ళను నేను తొందరగా మరిచిపోను. మల్కాజ్‌గిరిలో మా అపార్ట్‌మెంట్ సెక్రటరీని ఇప్పటికీ మరిచిపోలేదు.

అవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులు. పొద్దున్నే కంపెనీ క్యాబులు మా సందులోకి వచ్చి హారన్ కొట్టేవి. అలాంటి క్యాబులో వెళ్ళే కుర్రవాడే మా సెక్రటరీ. నేను మౌలాలిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాను. విజయనగరం వైపు నుంచి వచ్చినవాణ్ణి. బడి చదువు ఇంటర్‌తో ఆగిపోయింది, మిగతాదంతా శాఖా గ్రంథాలయంలోనే. తెలుగు బీరువాలు అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు బీరువాల్లోకి దిగాను. ఈ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి కాబట్టి సెక్రటరీకీ తెలుసు.

నాకొక పాత కారుండేది. సైలెన్సర్ తుప్పుపట్టి చిల్లులు పడి, స్టార్ట్ చేస్తే వడ్లు నూర్చే మిషన్‌లా మోగేది. మొదటి అంతస్తులో ఒక పెద్దావిడకు సాయంత్రం సీరియల్ అంటే ప్రాణం. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేది సరిగ్గా ఆ వేళకే. ఒక ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో ఆవిడ లేచి నిలబడింది.

"గాయన బండి అచ్చిందంటే ఒక్క ముక్క ఇనొస్తలేదు. అత్త ఏమన్నదో తెల్వది, కోడలు ఎందుకేడ్సిందో తెల్వది."

అందరూ నవ్వారు. అక్కడితో ఆగితే నేనూ నవ్వేవాణ్ణే. కానీ సెక్రటరీ నా వైపు తిరిగాడు.

"అంకుల్, లైబ్రరీల గన్ని బుక్స్ సదివిన్రు గదా. బండి సప్పుడు బంద్ చేసుడు ఏ బుక్కుల రాయలేదా?"

ఈసారి నవ్వు మెట్ల దాకా పాకింది. పక్కన కూర్చున్న నా భార్య చీర కొంగు అంచు చూసుకుంటూ ఉండిపోయింది. నన్నన్నా ఊరుకునేవాణ్ణేమో. నా చదువునన్నాడు.

అక్కడికక్కడే రూలు రాసి నోటీసు బోర్డుకు తగిలించాడు. శబ్దం చేసే ఏ బండినీ పార్కింగ్‌లో ఉంచరాదు, గేటు బయటే పెట్టుకోవాలి. నాకు దసరా దాకా గడువు. లిఫ్టు పక్కన నీడలో ఉన్న నా చోటు మీద అతనికి ఎప్పటినుంచో కన్ను. అతని కొత్త కారు డ్రైనేజీ మూత మీద నిలబడేది.

నేను ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాను. 'ఏ బండినీ' అని రాశాడు. కొన్న కొత్తలోనే అతను తన కారుకు కంపెనీ సైలెన్సర్ పీకించి, గుమ్‌గుమ్మని మోగే రకం వేయించుకున్నాడు. దాన్ని ఆదివారాలే బయటికి తీసేవాడు, ఆ రోజు సీరియల్ రాదు. అందుకే ఆ మోత ఎవరికీ చప్పుడనిపించలేదు, స్టైల్ అనిపించింది.

గ్రంథాలయంలో మోటారు బళ్ళ మరమ్మత్తు మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. సైలెన్సర్ డబ్బాలో చిన్న చిన్న గదులుంటాయనీ, లోపలికొచ్చిన శబ్దం వాటిలో తిరిగి తిరిగి తనకు తానే ఎదురు తగిలి చచ్చిపోతుందనీ అందులో ఉంది. ఆ వాక్యం చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను.

రాణీగంజ్‌లో బండి సామాన్ల దుకాణానికి వెళ్ళి సైలెన్సర్ అడిగాను. దుకాణంవాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆవాజ్ పెంచేదా అన్నా?"

"తగ్గించేది. ఉన్నవాటిలో పెద్ద డబ్బా ఇవ్వు."

"తగ్గించేదా? పోరగాండ్లంతా పెంచేదే గావాలె అంటున్రు. నువ్వేందన్నా ఉల్టా అడుగుతున్నవ్?"

ముందురోజే పాత బోల్టుల మీద కిరసనాయిలు పోసి నానబెట్టాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరవద్దని పుస్తకం చెప్పింది కాబట్టి, పాత రైలు పట్టాల చెక్క దిమ్మలు తెచ్చి చక్రాల కింద పెట్టి, గోనెసంచి పరుచుకుని దూరాను. తుప్పు పొడి కళ్ళద్దాల మీద రాలుతోంది. పాత గొట్టం సగం ఊడి చేతిలోకి వచ్చేసరికి పక్కన తెల్ల బూట్లు ఆగాయి.

"ఏంది అంకుల్, గ్యారేజ్ షురూ చేసిన్రా? పార్ట్‌లు మిగిల్తే చెప్పున్రి, నేను ఏస్కుంట."

నేను ఆ బూట్లను బాగా చూసి పెట్టుకున్నాను. తర్వాత పానా తిప్పిన ప్రతిసారీ అవే గుర్తు చేసుకున్నాను.

కొత్త డబ్బా పాతదానికంటే పొడుగు. రబ్బరు కొక్కేలకు తగిలించి, గొట్టం గొట్టంలో దూర్చి క్లాంపు బిగించాలి. వెనక నుంచి నా భార్య దాన్ని పైకెత్తి పట్టుకుంది.

"ఏటండీ, ఇంకా ఎత్తాలేటి? సేతులు పడిపోతన్నాయి."

"కొంచెం ఆగు, బోల్టు దూరుతోంది."

"ఆగుతాను గానీ గట్టిగా బిగించండి. ఆ నవ్వినోడి నోరు కూడా బిగుసుకుపోవాల."

అతుకుల మీద సబ్బు నీళ్ళు రాసి, ఇంజన్ ఆన్ చేసి, వెనక గొట్టానికి తడిగుడ్డ అడ్డం పెట్టాం. ఒకచోట బుడగలు వచ్చాయి. అవి ఆగేదాకా బిగించాను.

ఆయుధపూజ సాయంత్రం పరీక్ష పెట్టారు. పెద్దావిడ రోజూ పెట్టుకునేంత సౌండుతో టీవీ పెట్టుకోవాలి. నేను బండి లోపలికి తేవాలి. ఆవిడకు సీరియల్ వినబడితే నా చోటు నాది. జనం మెట్ల మీద కూర్చున్నారు. ఆవేళ పనిముట్లకు బొట్లు పెట్టేశాం కాబట్టి ఇక పానా ముట్టడానికి లేదు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుడి దాకా వెళ్ళి వచ్చి, గేటు దాటాను.

కారు కింద నుంచి పచ్చటి పొగ!

"అంకుల్! బండి అంటుకున్నది! బయటికి తియ్యున్రి! నీళ్ళు తెండ్రి!" సెక్రటరీ గంతులేస్తున్నాడు.

నేను బ్రేకు తొక్కాను. నా భార్య పరిగెత్తుకొచ్చి కిటికీలోకి వంగింది.

"అది పసుపండీ! అంత పని సేసింది సైలెన్సరే కదా అని, దానికి నూనె పసుపు నిండా మెత్తేసినాను."

కాలే సైలెన్సర్‌కు పసుపు పుయ్యకూడదని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. రాసినవాళ్ళ ఇళ్ళలో ఆయుధపూజ చేయరు కాబోలు.

ఇంతలో పైనుంచి పెద్దావిడ గొంతు వచ్చింది. "ఏం లొల్లిరా గది? జెర మెల్లగ మాట్లాడున్రి. కోడలు చెప్తున్నది ఇననియ్యరా!"

అందరూ ఒక్కసారి నోరు మూసుకున్నారు. అప్పుడు తెలిసింది వాళ్ళకు, నా ఇంజన్ ఇంకా ఆన్‌లోనే ఉందని. ఆవిడకు వినబడుతున్నది సెక్రటరీ కేకలే.

"పొగ అయితే అచ్చింది గదా," అన్నాడతను.

"రూలు చప్పుడుకే కదా బాబూ. ఏ బండినీ అని నువ్వే రాశావు. ఇక నీది స్టార్ట్ చెయ్యి."

"నాదెందుకు? నాది కొత్త బండి."

ఆ రోజు నన్ను చూసి నవ్వినవాళ్ళే ఇప్పుడు, "పెట్టు, పెట్టు, ఒక్కసారి ఏమైతది!" అని ఎగదోశారు. అతను మెల్లగానే తాళం తిప్పాడు. కానీ ఆ పార్కింగ్ కప్పు తక్కువ ఎత్తు. మోత దానికి తగిలి రెట్టింపయింది. మీటర్ డబ్బా తలుపులు గలగలలాడాయి. పెద్దావిడ రిమోట్ చేతిలో పట్టుకునే కిందికి దిగింది.

"గిది నీదారా? గిన్నొద్దులు గాయన్ను అంటి గదరా! గాయనదే నయముండె. కోడలు ఇల్లిడిసి పోయిందా, ఉన్నదా, నాకిప్పుడు ఎవలు చెప్తరు? నువ్వు చెప్తవా?"

ఆ రాత్రి నుంచి అతని కారు గేటు బయట, కరెంటు తీగల కింద నిలబడింది. మల్కాజ్‌గిరి పావురాలకు ఆ తీగలంటే ఇష్టం. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే, నల్లటి బానెట్ మీద తెల్లటి రెట్టలు చక్కగా కనిపించేవి. నేను ఆ కాఫీని చాలా నెమ్మదిగా తాగేవాణ్ణి.

కొన్నాళ్ళకు అతను మా తలుపు కొట్టాడు. "అన్నా," అన్నాడు. అంకుల్ అనలేదు. "మెకానిక్ పండగకు ఊరికి పోయినోడు ఇంక రాలే. కంపెనీ సైలెన్సర్ జెర మీరే ఏసియ్యరాదున్రి. మీకు ఎర్కే గదా."

"లైబ్రరీలో పుస్తకం ఉంది బాబూ. చదువుకో."

పాపం, నిజంగానే వెళ్ళాడు. తిరిగొస్తూ గేటు దగ్గర కనిపించాడు.

"ఆ బుక్ లేదన్నరన్నా. ఎవలో తీస్కపోయిన్రట."

"అలాగా," అన్నాను.

గడువు పెంచుకుని మళ్ళీ తెచ్చుకున్న ఆ పుస్తకం మా టీవీ మీద ఉంది. అట్ట మీద పసుపు వేలిముద్ర ఒకటి అంటుకుని ఉంది. చదవడం ఎప్పుడో పూర్తయింది. అయినా ఆ సాయంత్రం మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.