దేవుడికి చెప్పని మలుపు

బజారులో కార్బైడ్ పెట్టి మాగేసిన మామిడిపండ్ల దగ్గర నిలబడితే నాకు మా నాన్న, బాపు, గుర్తొస్తాడు. ఆయన బొగ్గుబాయిలోకి తీసుకుపోయే కార్బైడ్ దీపానిది అదే వాసన.

నా చిన్నప్పుడు బాయిలో బండ కూలి బాపు కాలు నలిగింది. ఇక నడవడన్నారు. మా చర్చి అయ్యగారు చూడటానికి వచ్చి, "అంతా దేవుడు ముందే నిర్ణయించిండమ్మా, ఒప్పుకోవాలె" అని మా అమ్మతో, అవ్వతో, అన్నాడు.

నాకు రోషం వచ్చింది. మర్నాడు బడికి పోతూ, దేవుణ్ణి ఓడించాలని ఉన్నట్టుండి వాగు దిక్కు మళ్లి ఉరికాను. సగం దూరం పోయాక, ఈ మలుపు కూడా ఆయన నిర్ణయించిందేనేమోనని అనుమానమొచ్చి, ఏడుస్తూ ఇంటికొచ్చాను.

అయ్యగారు మళ్ళీ వచ్చి కూర్చుని ఉన్నాడు. నా సంగతి విని అవ్వ ఆయన ముందే అంది: "పిచ్చిదానా, నీకు నడక నేర్పినంక బాపు చెయ్యి ఇడిసిండు. నువ్వెటు ఉరుకుతవో ఆయనకు ఎర్కనా? అయినా ఎనుకెనుకనే ఉరికిండు. పాయిరం, ప్రేమ ఉన్నోడు గట్లనే జేస్తడు, దేవుడైనా. కాలు ఇరగ్గొట్టింది బండ, దేవుడు గాదు."

"తప్పమ్మా, గట్లనొద్దు" అని అయ్యగారు గొణిగాడు.

"అంటనయ్యా. అంతా అయిపోయిన నిర్ణయమైతే మీరు ప్రార్థన జెయ్య ఎందుకొస్తిరి?"

మంచంలో బాపు నవ్వాడు. "రేపెటు ఉరుకుతవే బిడ్డా? నాకు జెప్పకు."

కర్ర పట్టుకుని బాపు మళ్ళీ నడిచాడు. అది కూడా ముందే రాసి ఉందని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆ అడుగులు బాపువి. తూలినప్పుడల్లా ఆయన వెనక ఒకరున్నారన్నది మాత్రం ఒప్పుకుంటాను.