రాణిగారి రవికెకు అచ్చమ్మగారి కాపలా

1952 వేసవి. అమలాపురంలో కాలవగట్టు పక్క వీధిలో నేను కుట్టుమిషను పెట్టుకుని అప్పటికి నాలుగైదేళ్లయింది. మిషనరీల బడిలో దొరసానిగారి దగ్గర నేర్చుకున్న పని. కొలతలు తీసుకోవడానికి ఆడమనిషే ఉంటుందని తెలిసి ఆడవాళ్లు ధైర్యంగా వచ్చేవారు. ఆ తరవాత ఎన్ని రవికెలు కుట్టానో లెక్క లేదు గాని, మీ పనిలో బాగా గుర్తుండిపోయింది ఏదండీ అని ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కదాని గురించే. అది మగవాడి రవికె.

ఆయన నాటకాల్లో ఆడవేషాలు కట్టేవారు. పేరు రాయను. రాణి వేషంలో ఆయన నాలుగడుగులు వేస్తే మర్నాటికి ఊళ్లో ఆడవాళ్ల నడక మారేదని చెప్పుకునేవారు. నడక సంగతి నాకు తెలీదు గాని, రవికెలు మాత్రం మారేవి. "రాణిగారి చేతుల్లా కుట్టండి" అంటూ నా దగ్గరికి వచ్చేవారు. ఆ వేసవిలో ఆయన అభిమానులంతా కలిసి కొత్తపేటలో పెద్ద సభ తలపెట్టారు. మధ్యాహ్నం ఊరేగింపు, సన్మానం. సాయంత్రం ఆయన రాణి వేషంలో ఒక అంకం.

మా వీధి ఆడవాళ్లు మగతోడు లేకుండా వెళ్లాలని పట్టుబట్టారు. అందరికీ పెద్ద సుందరమ్మగారు, బడిపంతులుగారి భార్య. ఏర్పాట్లన్నీ నా మిషను చుట్టూ కూచునే జరిగాయి.

"జనంలో తప్పిపోతే గుర్తుపట్టాలి కదండీ. అందరం ఒకే తానులో చిలకపచ్చ రవికెలు కుట్టించుకుందాం. రాణిగారి రంగు," అన్నారావిడ. "మరియమ్మగారూ, మీరూ ఒకటి కుట్టుకుని మాతో వచ్చేయాలి."

"ఆయ్, అలాగేనండీ," అన్నాను. నాకూ చూడాలనే ఉంది.

పందిరి గుమ్మం ముందు కొబ్బరిబొండాల బండి ఎలాగూ ఉంటుంది కాబట్టి తప్పిపోయినవాళ్లు అక్కడికి చేరాలని కూడా అనుకున్నాం.

చిక్కు లక్ష్మితో వచ్చింది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. వాళ్ల అత్తగారు అచ్చమ్మగారు జన్మలో నాటకం చూడలేదు. "మగాడు చీర కట్టుకుంటే చూడ్డానికి బస్సెక్కి వెళ్లాలా?" అని కోడల్ని ఆపేశారు. సుందరమ్మగారు బతిమాలగా బతిమాలగా కాస్త మెత్తబడి, "అయితే నేనూ వస్తాను. ఏ కాస్త తేడా వచ్చినా మళ్లీ ఈ వీధి ఆడపిల్లలెవరూ గడప దాటరు" అన్నారు. ఆవిడ మాటంటే మా వీధిలో మగవాళ్లకే హడల్. పాతకాలపు మనిషి, రవికె తొడుక్కునే అలవాటు లేదు. కాబట్టి ఆవిడకి మాత్రం మా చిలకపచ్చ గుర్తు లేకుండా పోయింది.

కొత్తపేటలో బస్సు దిగేసరికి ఎటు చూసినా జనమే. తునినుంచి, ఏలూరునుంచి కూడా వచ్చారట. ఊరేగింపు మా ముందు నుంచి సాగింది. రాణిగారు అప్పటికే వేషం కట్టుకుని, బండి మీద నిలబడి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతుంటే జనం ఒక్కసారిగా ముందుకు తోసుకున్నారు. ఆ తోపులో మేం చెల్లాచెదరయ్యాం.

చిలకపచ్చ రవికె కనబడగానే వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. "ఎవరండీ మీరు?" అందావిడ. ఇంకొకామెని పిలిచాను, ఆమెదీ మా ఊరు కాదు. అప్పుడు చుట్టూ చూస్తే అర్థమైంది. రాణిగారి రంగని రెండు జిల్లాల ఆడవాళ్లూ చిలకపచ్చే కుట్టించుకున్నారు! సరే, బొండాల బండి దగ్గరికి పోదామంటే బండివాడు సరుకంతా అమ్ముకుని వెళ్లిపోయాడు. ఖాళీ కొబ్బరి డొక్కల గుట్ట మాత్రం ఉంది. దాని చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరమే దొరికాం. అచ్చమ్మగారు తప్ప.

లక్ష్మి ఏడుపు లంకించుకుంది. "దాహం అన్నారండీ. నీళ్లు తెస్తానని ఇటు తిరిగేనంతే. మా ఆయనకి ఏం చెప్పనండీ?"

అంతలో మైకులో వినబడింది. "కుట్టుపని తెలిసిన ఆడవారెవరైనా ఉంటే వెంటనే వేదిక వెనక్కి రావలసిందిగా ప్రార్థన."

నేను లక్ష్మి చెయ్యి పట్టుకుని పరుగెత్తాను. మైకు దగ్గరికి చేరితే అత్తగారి పేరు కూడా పిలిపించవచ్చని నా ఆలోచన.

వేదిక వెనక తాటాకుల గది. దాని బయట సభవాళ్లు, నాటకం దర్జీ, హార్మోనియం ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. గుమ్మానికి అడ్డంగా, చేతిలో విసనకర్రతో అచ్చమ్మగారు!

"ఆడకూతురి రవికె చిరిగితే ఇంతమంది మగాళ్లు మూగుతారా? సిగ్గు లేదూ?" అంటున్నారు.

"బామ్మగారూ, ఆయన మగవాడేనండీ బాబూ," అని దర్జీ మొత్తుకుంటున్నాడు.

"నా కళ్లేం పోలేదు. అవతలికి పో!"

మంచినీళ్ల కోసం వెనక్కి వచ్చిన ఆవిడకు, చిరిగిన రవికె పమిటతో కప్పుకుని కూచున్న రాణి కనబడిందట. అంతే, కాపలా కూచున్నారు. కోడల్ని చూసి, "వచ్చేవా? ఎక్కడికి పోయేవే?" అని ఎదురు గద్దించి, నన్ను మాత్రం లోపలికి తోశారు.

లోపల ఆయన పమిటంచు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటున్నారు. నేను నోరు తెరవబోతే వేలితో వారించారు.

"చెప్పకమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "ముప్ఫై ఏళ్లుగా ఈ వేషాలు కడుతున్నాను. ఇంత పెద్ద సన్మానం నాకెవరూ చెయ్యలేదు."

ఊరేగింపులో చేతులెత్తినప్పుడు రెండు చంకల దగ్గరా కుట్టు తెగిపోయింది. లోపల మార్జిన్ లేదు. మార్జిన్ అంటే కుట్టుకు లోపలివైపు అదనంగా వదిలే బట్ట. ఒళ్లు వస్తే విప్పి వదులు చేసుకోవచ్చు. అది లేనప్పుడు చంక కింద కొత్త ముక్క వెయ్యాల్సిందే. నా సంచిలో మా రవికెల్లో మిగిలిన ముక్కలు, సూది, దారం ఉన్నాయి. రంగు కలిసింది. కాని టేపు తీశాక చెయ్యి ముందుకు సాగలేదు. అన్నదమ్ముల ఒంటి మీద కూడా నేనెప్పుడూ టేపు పెట్టలేదు.

"సిగ్గేంటే? ఇద్దరూ ఆడవాళ్లేగా!" అని అచ్చమ్మగారు బయటినుంచి కేకేశారు.

ఆయన నిటారుగా నిలబడితే కొలిచాను. "ఇలా కొలిస్తే మళ్లీ చిరుగుతుందమ్మా," అన్నారాయన. "మా దర్జీ చేసిందీ ఇదే. రాణి అద్దం ముందు నిలబడి ఊరుకోదుగా. చేతులెత్తుతుంది, ఏడుస్తుంది, మూర్ఛపోతుంది. అవన్నీ చేస్తాను, చూసి కొలుచుకో."

చేశారు. ఆ ఇరుకు గదిలో, ముగ్గు వేసేంత చోటులో, రాజ్యం పోయిన రాణి నా ముందు చేతులెత్తి ఏడ్చింది. ఎక్కడ బట్ట బిగుస్తోందో, ఎక్కడ వదులు కావాలో చూడాల్సిన నేను టేపు పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నాను. ఆ ఏడుపు విని అచ్చమ్మగారు లోపలికొచ్చి, "ఊరుకో తల్లీ, రవికేగా! ఈ పిల్ల కుట్టేస్తుందిలే" అని ఆయన వీపు నిమిరారు. ఈసారి ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లు కనబడ్డాయి నాకు.

ముక్కలు వేశాను. తెర లేచింది. మిగతావాళ్లని కూడా మైకులో పిలిపించి, మేమంతా వేదిక పక్కనే నిలబడి చూశాం. రాణి చేతులెత్తిన ప్రతిసారీ నేను చంకల వైపే చూసేదాన్ని. కుట్టు నిలిచింది. చప్పట్లకు పందిరి అదిరిపోయింది.

అచ్చమ్మగారు కొంగుతో కళ్లద్దుకుని, "ఆ పిల్ల ఎంత బాగా చేసిందే! ఇంతకీ ఆ చీర కట్టుకునే మగాడెప్పుడొస్తాడు?" అన్నారు.

తిరుగు బస్సులో సుందరమ్మగారు భయపడుతూనే అసలు సంగతి చెప్పారు. అచ్చమ్మగారు కిటికీవైపు తిరిగి కూచున్నారు. కాసేపటికి ఆవిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. చూస్తే నవ్వు!

"అయితే మగాడికా నేను కాపలా కాసింది!" అని, ఒక్క క్షణం ఆగి, "ఏవైనా అనండి, ఆ ఏడుపు మాత్రం ఆడదానిదే" అన్నారు. తరవాత కోడలివైపు తిరిగి, "మళ్లీ ఎక్కడాడతాడుట?" అని అడిగారు.

ఆ ఏడు మా వీధి ఆడవాళ్లు ఇంకో రెండు నాటకాలు చూశారు.

నాకు దొరసానిగారు టేపు పట్టడం నేర్పారు. టేపు ఎప్పుడు పట్టాలో నేర్పింది ఆయన. అప్పటినుంచి ఎవరొచ్చినా, "ఇది వేసుకుని ఏం పని చేస్తారండీ?" అని ముందు అడిగేదాన్ని. కొందరు వింతగా చూసేవారు, కొందరు నవ్వేవారు. ఒకసారి పొలం పనులు చేసుకునే ఆమె, మొట్టమొదటి రవికె కుట్టించుకోవడానికి వచ్చింది. గోడకి ఆనుకుని, ఒళ్లు ముడుచుకుని నిలబడింది. నేను అదే మాట అడిగాను.

"నాట్లేత్తానండీ," అంది.

"ఎలా వేస్తావో చూపించమ్మా."

సిగ్గుపడుతూనే చీర ఎగదోపుకుని వంగింది. ఎడమచేతిలో నారుకట్ట ఉన్నట్టే పట్టుకుని, కుడిచేత్తో నేలమీద ఒక్కో మొక్కా నాటుతూ వెనక్కి వెనక్కి నడిచింది. గది ఆ చివరికంటా వెళ్లేసరికి ఆమె ముఖంలో బెరుకు పోయింది. నేను అప్పుడు టేపు తీశాను.