కట్టినోళ్ళే ముందెక్కాలి

ఆటోనగర్‌లో బాబ్జాన్ షెడ్డుకు ఒక ఆచారం ఉంది. లారీకి బ్రేకులు బిగించినవాడే ట్రయల్‌కి డ్రైవరు పక్కన కూర్చోవాలి. "నీ పని మీద నీకే నమ్మకం లేకపోతే ఊళ్ళోవాళ్ళకి ఎందుకుంటుందిరా?" అంటూ పనివాళ్ళను రెక్క పట్టుకుని ఎక్కించేవాడు. సొంత కూతురు జుబియానూ వదల్లేదు. ఇంటర్ చదివే రోజుల్లో ఆ పిల్ల సరదాపడి ఒక వ్యానుకు బ్రేకులు బిగిస్తే, చున్నీ మీద గ్రీజు మరకలతోనే బెంజి సర్కిల్ దాకా తిప్పుకొచ్చాడు.

ఆ జుబియాయే ఇంజనీరింగ్ చదివి, వంతెనలు కట్టే మిలిటరీ దళంలో ఆఫీసరుగా చేరింది. తల్లి షాహీదా మొదట్లో అన్నం మానేసి అలిగింది. తర్వాత తర్వాత వన్ టౌన్ బట్టల కొట్లో బేరానికి కూర్చుంటే చాలు, "మా అమ్మాయి కెప్టెనండీ, కాస్త చూసి చెప్పండి" అనేది. మంచుకొండల్లో ఏళ్ళ తరబడి తిరిగి జుబియా మేజరైంది. ఆ దళాన్ని నడిపిన మొదటి ఆడమనిషి తనే.

మొన్నటి వరదకు కంకిపాడు అవతల కాలువ మీద వంతెన కొట్టుకుపోయింది. అవతలి ఊళ్ళో గడ్డివాములు నీళ్ళపాలై పశువులు ఆకలికి అరుస్తున్నాయి. ఇనుప వంతెన వేయడానికి వచ్చిన ఆఫీసరు తన కూతురేనని తెలియగానే, బాబ్జాన్ షాహీదాను స్కూటరెక్కించుకుని వచ్చి వాలాడు. గట్టు మీద కనిపించిన వాళ్ళందరికీ "మా అమ్మాయే" అని చెప్పాడు. అడగనివాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ చెప్పాడు.

వంతెన పూర్తయింది. గడ్డి లారీ వచ్చి ఆగింది. ఎప్పుడూ బాబ్జాన్ షెడ్డుకే బండి తెచ్చే డ్రైవరు జక్కయ్య మాత్రం కిందికి దిగి, సుళ్ళు తిరుగుతున్న ఎర్రనీళ్ళ వైపు చూస్తూ చేతులు కట్టుకున్నాడు.

"కదలవేం జక్కయ్యా?" అన్నాడు బాబ్జాన్.

"నీ షెడ్డు రూలేగా భాయ్! కట్టినోళ్ళని ముందు ఎక్కమను."

గట్టంతా నవ్వింది. జుబియా అప్పటికే లారీ తలుపు తీసి, "పద బాబాయ్" అంది.

బాబ్జాన్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "నువ్వెందుకమ్మా! జవాన్లలో ఎవర్నన్నా ఎక్కించు."

"అదేంటి నాన్నా, ఆ రోజు వ్యానెక్కించినప్పుడు ఇలా అన్లేదే?"

"అప్పుడు కింద రోడ్డుందే తల్లీ!"

షాహీదా కొంగు సర్దుకుంది. "పొద్దుట్నుంచీ మా అమ్మాయి, మా అమ్మాయి అని గొంతు చించుకున్నారుగా. ఎక్కండి, మీరూ ఎక్కండి."

నలుగురూ చూస్తుంటే ఏం చేస్తాడు? లుంగీ ఎగ్గట్టి ఎక్కాడు. లారీ మెల్లగా వంతెన మీదికి పాకింది. ఇనుప రేకులు గలగలమన్నాయి. బాబ్జాన్ కళ్ళు మూసుకుని కూతురి చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. నడిమధ్యలో కీచుమని చప్పుడు.

"విరుగుతోందమ్మా!" అని అరిచాడు.

"వంతెన కాదు నాన్నా, బ్రేకులు. బాబాయ్, ఎవరు బిగించారేంటి?"

"ఇంకెవరు? పోయిన వారం మీ నాన్నే!"

బాబ్జాన్ కళ్ళు తెరిచి, పట్టుకున్న చొక్కా చెయ్యి వదిలేశాడు. లారీ అవతలి గట్టెక్కింది. గడ్డి వాసనకి గేదెలు ఒక్కసారిగా మోరలెత్తాయి. జనం ఈలలు వేస్తూ లారీని చుట్టుముట్టారు.

జక్కయ్య స్టీరింగ్ మీద దరువేస్తూ అన్నాడు: "మేజరమ్మా, నీ ట్రయలైపోయింది, నువ్వు దిగు. తిరుగు ప్రయాణానికి మీ నాన్నుంటే చాలు."

బాబ్జాన్ దిగకుండా అక్కడే కూర్చున్నాడు. రూలు ఆయనదే మరి!