సెలవుల జాబితా కింద రాసిన మెయిల్

మా జహీరాబాద్ కోల్డ్ స్టోరేజీలో ఎవరినడిగినా ఒకటే చెప్తారు: కంప్యూటర్ మార్చినప్పుడు పాత మెయిళ్ళను కొత్తది మింగేసిందని. వాచ్‌మన్ దగ్గర్నుంచి హమాలీల దాకా అదే మాట. కంప్యూటర్ ఏమీ మింగలేదు. పోగొట్టింది నేను. యంత్రం మీదికి తోసెయ్యడం సుఖమే గానీ, అలా తోస్తే దాంతోపాటు ఒక మనిషి కూడా కొట్టుకుపోతాడు. కొట్టుకుపోయాడు కూడా.

ఆ మనిషి మా మెషీన్ రూమ్ ఆపరేటర్. మొగుడంపల్లి నుంచి బండి మీద వచ్చేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. చప్పుడు విని కంప్రెసర్ బాగోగులు చెప్పగలడు, రాత మాత్రం సంతకం వరకే. హైదరాబాద్‌లో కూర్చునే మేనేజర్‌కు ఏ కబురైనా నా చేతి మీదుగానే పోవాలి. దసరాకు నాలుగు రోజుల ముందు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మేడం, జర పెద్దసార్‌కు రాయున్రి. రెండో కంప్రెసర్ ఆగుకుంట ఆగుకుంట నడుస్తున్నది. గిట్లనే ఉంటె లోపలి ఆలుగడ్డ నిలువది."

అక్కడికక్కడే రాశాను. ఎలా రాశానన్నదే నా ఖర్మ. కొత్త మెయిల్ తెరిచి, పేరు వెతికి, విషయం పెట్టి రాసే ఓపిక నాకెప్పుడూ లేదు. మేనేజర్ నుంచి చివరగా వచ్చిందేదో అది తెరిచి, జవాబు నొక్కి, నాకు కావలసింది రాసి పంపేస్తాను. పదిహేనేళ్ళుగా అదే పద్ధతి. ఆ రోజు పైనున్నది ఆయన పంపిన దసరా సెలవుల జాబితా. దానికి జవాబుగానే కంప్రెసర్ సంగతి రాశాను. గంటలో ఆయన నుంచి వచ్చింది: "సరే, చూస్తాను." ఆయన ఫోన్‌లోంచి రాస్తారు, కింద నా మాటలు అంటుకుని రావు.

ఆ వారంలోనే కంప్యూటర్ మార్చారు. పాత ప్రోగ్రాం మెయిళ్ళన్నీ తనదైన ఒక పెద్ద ఫైల్‌లో దాచుకుంటుంది, కొత్త ప్రోగ్రాం ఆ ఫైల్‌ను చదవలేదు. పాతదాంట్లోంచి ఇంకో రూపంలోకి ఎగుమతి చేసి, దాన్ని కొత్తదాంట్లోకి దిగుమతి చేసుకోవాలట. ఎగుమతి అంటే మాకు లారీలు, తాళ్ళు, అరుపులు. ఇదేమో తెర మీద ఒక గీత చీమలా పాకడం. ఏ ఫోల్డర్లు కావాలని అడిగింది. కోహీర్ బస్సు టైమైపోతోంది. ఇన్‌బాక్స్‌కు ఒక్కదానికే టిక్ పెట్టాను. పంపినవి ఎందుకులే, నేను రాసినవి నాకు తెలియవా అనుకున్నాను. నోరున్నదాన్నని అంత ధీమా. పాత డబ్బా పట్టుకుపోయేవాళ్ళు, అందులోవన్నీ తుడిచేయమంటారా అంటే, తుడిచేయండి అని కూడా నేనే అన్నాను.

సెలవులయ్యాక రైతులు మా దగ్గర దాచుకున్న విత్తనపు గడ్డల కోసం వచ్చారు. రెండో గది తలుపు తీస్తే ముందు వాసన బయటికొచ్చింది. బస్తాల అడుగులన్నీ తడి. చిరాగ్‌పల్లి రైతు ఒకాయన ఒక గడ్డ తీసి నొక్కాడు, వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. చెయ్యి బస్తాకే తుడుచుకున్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు మేనేజర్ దిగారు. ఆపరేటర్ ముందే చెప్పి ఉంటే ఈ గతి పట్టేది కాదన్నారు. చెప్పాడు, నేను రాశానన్నాను. చూపించమన్నారు. వెతికాను. ఎవరెవరో నాకు రాసినవన్నీ భద్రంగా ఉన్నాయి. నా మాట ఒక్కటీ లేదు. ఆ మెయిల్ పెట్టె చూస్తే, పదిహేనేళ్ళు అందరూ నన్ను ఏదో ఒకటి అంటూ ఉంటే నోరెత్తని సాధ్విని నేను. జహీరాబాద్‌లో ఎవరైనా నమ్ముతారా?

ఆయన జవాబు మాత్రం దొరికింది. మానిటర్ ఆయన వైపు తిప్పాను. "సరే, చూస్తాను." దాని నెత్తిన విషయం: దసరా సెలవుల జాబితా.

"అది సెలవుల గురించి అన్నాను మేడం," అన్నారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

నా దగ్గర పోయింది సరే, మీ పెట్టెలో ఉండాలి కదా, వెతకండి సార్ అన్నాను. చూస్తానన్నారు.

ఆ వారమే ఆపరేటర్‌ను తీసేశారు. వెళ్ళేముందు టిఫిన్ డబ్బా పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. నేను తలెత్తలేదు.

"మీరు రాసిన్రని నాకెర్కనే మేడం. పక్కనే నిలబడి చూసిన గద. గని నా మాట ఎవరింటరు?"

అతని బండి గేటు దాటేదాకా తెర మీది ఆ సెలవుల జాబితానే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ప్రతిదానికీ కొత్త మెయిల్ తెరుస్తాను, విషయం పెడతాను, పంపినవి వేరే దాచుకుంటాను. ఏం లాభం, మెషీన్ రూమ్‌లో వేరే మనిషి కూర్చున్నాడు. పోట్లాడే ఓపిక కూడా మునుపటంత లేదు. ఒక్కటి మాత్రం మేనేజర్ వచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను, ఆయన ఫోన్ మోగిందని బయటికి పోతూనే ఉన్నారు. సెలవుల జాబితా తయారుచేసిందీ ఆయనే, పంపిందీ ఆయనే. తను చేసి, తను పంపిన జాబితాలో, ఆ రోజు ఆయన ఇంకా చూస్తానన్నది ఏమిటి?