చేతులు లేని కుర్చీ

మిల్వాకీలో ఒక వాద్యబృందంలో ముప్పై ఏళ్లు, వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా వాయించిన లోర్నా హెడ్‌స్ట్రామ్‌కు పక్షవాతం వచ్చి ఎడమచేతి వేళ్లు బిగుసుకుపోయాయి. అప్పటినుంచి ఇంట్లో రికార్డులు వింటోంది. వంటింటి కుర్చీ అంచున నిటారుగా కూర్చుని కళ్లు మూసుకుంటే, ఒకప్పుడు కమాను పట్టిన కుడిచెయ్యి దానంతటదే కదులుతుంది. రోజూ నడుము పట్టేస్తోందని చెల్లెలు వెరా ఆమెను కుర్చీల దుకాణానికి తీసుకెళ్లింది. లోర్నా ఒక్కో కుర్చీలో కూర్చోవడం, మోచేయి పక్కకు జరిపి చూసుకోవడం, లేచి నిలబడటం.

“ఈ కుర్చీల చేతులు అడ్డొస్తున్నాయి. చేతుల్లేనిది లేదా?”

“పాటలు వినడానికేగా మేడమ్? చేతులుంటేనే హాయి,” అన్నాడు దుకాణంవాడు.

“అడ్డమేంటక్కా, ఇంక నువ్వు వాయించేదుందా ఏమన్నా?” అనేసి, వెరా నాలుక కరుచుకుంది.

లోర్నా వెడల్పాటి చేతులున్న మెత్తటి కుర్చీని చూపించి, “ఇది పంపించండి,” అంది.

ఆదివారం ఆ కుర్చీలో వెనక్కి వాలి, తమ బృందం రికార్డు మొదటినుంచి చివరిదాకా వింది. చెయ్యి కదల్లేదు.

“హాయిగా ఉందా అక్కా?” అంది వెరా.

“హాయిగానే ఉందే. వయోలాల వంతు ఎప్పుడొచ్చి వెళ్లిందో తెలియనేలేదు.”